రానుపోను దారి: డెస్క్‌టాప్ మీదుగా కలిపిన రెండు నెట్‌వర్కుల్లో లోపం పట్టుకోవడం ఎలా

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు అనుకుందాం. ఆఫీసులో లెక్కల కంప్యూటర్లు, ప్రింటరు, ఇంటర్నెట్ రూటరు కలిసి ఒక నెట్‌వర్కు. గేటు పక్కన కాంటా గదిలో తూకం కంప్యూటరు, కెమెరాల రికార్డరు, కూలీల హాజరు మిషను కలిసి ఇంకొకటి. కెమెరాల గోల ఆఫీసు వైపు రాకూడదని రెండింటినీ విడదీశారు. రెండు ల్యాన్ కార్డులున్న మామూలు డెస్క్‌టాప్‌ను మధ్యలో పెట్టి, దాని మీదుగా దారి ఇచ్చారు. కాంటా మీద లారీ తూగగానే ఆఫీసులో బిల్లు కొట్టాలి. కానీ ఆఫీసు నుంచి కాంటా కంప్యూటరు అందదు. విచిత్రమేమంటే, మధ్యలోని డెస్క్‌టాప్ మీద కూర్చుని చూస్తే రెండు వైపులా పింగ్ (అవతలి పరికరం పలుకుతుందో లేదో చూసే పరీక్ష) చక్కగా పోతుంది.

ఇలాంటప్పుడు అందరూ ఆ డెస్క్‌టాప్‌నే విప్పి చూస్తారు. లోపం ఎక్కువసార్లు అక్కడ ఉండదు, చివరన ఉన్న పరికరంలో ఉంటుంది. ప్యాకెట్టు, అంటే పంపిన సమాచారపు ముక్క, దాని దాకా వెళ్తుంది, కానీ జవాబు ఎటు పంపాలో దానికి తెలియదు. బస్సు టికెట్టు లాగే ఇక్కడా రానుపోను రెండూ లెక్కలోకి వస్తాయి. పోను దారి ఒకచోట రాసి ఉంటుంది, రాను దారి ఇంకోచోట రాసి ఉండాలి. ఆ రెండోది మరిచిపోవడమే సగం ఫిర్యాదులకు మూలం.

కింద ఇచ్చిన కమాండ్లను పలికినట్టు తెలుగులో రాశాం. కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు కాగితం మీద

నంబర్లు కాగితం మీద రాసుకోకుండా కీబోర్డు ముట్టుకోవద్దు. ఈ వ్యాసం పొడుగునా ఇవే నంబర్లు వాడతాం:

- ఇంటర్నెట్ రూటరు: 192.168.10.1
- డెస్క్‌టాప్, ఆఫీసు వైపు కార్డు: 192.168.10.2
- లెక్కల కంప్యూటరు: 192.168.10.25
- డెస్క్‌టాప్, కాంటా వైపు కార్డు: 192.168.20.1
- తూకం కంప్యూటరు: 192.168.20.15
- హాజరు మిషను: 192.168.20.60
- అన్నింటికీ సబ్‌నెట్ మాస్కు: 255.255.255.0

కాగితం మీదే రెండు తప్పులు దొరుకుతాయి. ఒకటి, రెండు వైపులా ఒకే వరుస ఉండటం. చాలా రూటర్లూ కెమెరా రికార్డర్లూ కంపెనీ నుంచి 192.168.1 వరుసతోనే వస్తాయి. రెండు వైపులా అదే ఉంటే కంప్యూటరు అవతలి పరికరాన్ని కూడా తన గదిలోనే వెతుకుతుంది, రూటింగ్ వైపు చూడనే చూడదు. ఒక వైపు నంబర్లు మార్చడం తప్ప దీనికి మందు లేదు. పరికరాలు తక్కువ ఉన్న వైపు మార్చండి, పని త్వరగా అవుతుంది.

రెండోది మాస్కు, అంటే నంబరులో ఎంత భాగం వరుసను చూపుతుందో చెప్పేది. ఎవరో ఒక మిషనులో 255.255.0.0 అని పెట్టి ఉంటారు. అప్పుడు ఆ మిషను దృష్టిలో 192.168.10, 192.168.20 రెండూ ఒకే వీధి. గేట్‌వేకు (వేరే వరుసకు పోవాల్సినవాటిని అందుకుని దాటించే పరికరానికి) ఇవ్వాల్సిన జవాబును నేరుగా పిలిచి ఇద్దామని చూస్తుంది, పలికేవాళ్లు ఉండరు. ఆ ఒక్క మిషను తప్ప మిగతావన్నీ పనిచేస్తుంటే ముందు మాస్కునే అనుమానించండి.

డెస్క్‌టాప్‌లో చూడాల్సినవి

గేట్‌వే ఒక్క కార్డుకే ఉండాలి. ఆఫీసు వైపు కార్డులో 192.168.10.1 పెట్టి, కాంటా వైపు కార్డులో గేట్‌వే గడి ఖాళీగా వదిలేయండి. రెండింట్లోనూ నింపితే విండోస్ రెండు డిఫాల్టు దారులు పెట్టుకుని, మెట్రిక్ (దారికి ఇచ్చే ఖర్చు అంకె) తక్కువ ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. ఇంటర్నెట్టుకు పోవాల్సింది కాంటా గది వైపు పోయి ఆగిపోవచ్చు. 'రూట్ ప్రింట్' కొట్టినప్పుడు 'యాక్టివ్ రూట్స్' కింద 0.0.0.0 తో మొదలయ్యే వరుస ఒక్కటే కనిపించాలి.

విండోస్ 10, 11 రెండింటిలోనూ ఒక కార్డులోంచి వచ్చిన ప్యాకెట్టును ఇంకో కార్డులోకి పంపే పని (ఫార్వర్డింగ్) మొదట ఆపేసి ఉంటుంది. 'ఐపీకాన్ఫిగ్ /ఆల్' కొడితే పైభాగంలో 'ఐపీ రూటింగ్ ఎనేబుల్డ్' అనే వరుస వస్తుంది. దాని పక్కన 'నో' ఉంటే రిజిస్ట్రీలోకి (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటికి) వెళ్లాలి. హెచ్‌కీ లోకల్ మెషిన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, సర్వీసెస్, టీసీపీఐపీ, పారామీటర్స్ దాకా దిగి, 'ఐపీఎనేబుల్‌రూటర్' విలువను 1 చేయండి. తర్వాత తప్పకుండా 'రీస్టార్ట్' నొక్కండి. 'షట్‌డౌన్' చేసి మళ్లీ బటన్ నొక్కితే చాలదు. ఫాస్ట్ స్టార్టప్ పెట్టి ఉన్న విండోస్ షట్‌డౌన్‌లో పాత స్థితిని దాచుకుని మళ్లీ దాన్నే తెరుస్తుంది, మీరు మార్చిన విలువను చదవదు. అంతా సరిగానే చేశాం, అయినా రావట్లేదు అనేవాళ్లు ముందు ఇదొకటి చూసుకోవాలి.

లినక్స్ అయితే 'సిస్‌సీటీఎల్ నెట్.ఐపీవీ4.ఐపీ_ఫార్వర్డ్' అని అడగండి. 0 వస్తే దాన్ని 1 చేయాలి. చేతితో చేసిన మార్పు మిషను ఆపగానే పోతుంది కాబట్టి, ఈటీసీ కింద ఉన్న సిస్‌సీటీఎల్.డీ ఫోల్డరులో ఒక ఫైలు పెట్టి అందులో ఆ వరుస రాయండి. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంటే, దాటించే ప్యాకెట్లను అది మామూలుగా పారేస్తుంది. 'యూఎఫ్‌డబ్ల్యూ రూట్ అలౌ' తో రెండు దిక్కులకూ అనుమతి ఇవ్వాలి. అదే మిషనులో డాకర్ అనే సాఫ్ట్‌వేరు ఎక్కించి ఉంటే, అది కూడా ఐపీటేబుల్స్‌లోని (లినక్స్ ఫైర్‌వాల్ నియమాల్లోని) ఫార్వర్డ్ విధానాన్ని 'డ్రాప్'కు మార్చి ఉండవచ్చు.

లినక్స్ విషయంలో ఒక జాగ్రత్త. ఆఫీసు నుంచి 192.168.20.1కి పింగ్ పలికినంత మాత్రాన ఫార్వర్డింగ్ పనిచేస్తోందని అనుకోవద్దు. అది డెస్క్‌టాప్ తన సొంత నంబరుకు తానే ఇచ్చే జవాబు, ఏ కార్డు నుంచి అడిగినా పలుకుతుంది. దాని వెనకున్న పరికరం పలికితేనే లెక్క.

ఇంకో మాట. విండోస్‌లో 'ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్' టిక్కు పెడితే చాలంటారు. అది ఈ పనికి పనికిరాదు. అది రెండో కార్డు నంబరును తనంతట తానే 192.168.137.1గా మార్చి, వెనకున్నవాటిని దాచేస్తుంది. కాంటా నుంచి బయటికి పోవడం కుదురుతుంది కానీ ఆఫీసు నుంచి కాంటాలోకి రావడం కుదరదు. ముందు టిక్కు పెట్టి ఉంటే తీసేసి, నంబర్లు మళ్లీ సరిచూసుకోండి.

తిరుగుదారి ఎక్కడెక్కడ రాయాలి

కాంటా వైపు పని సులువు. అక్కడున్న ప్రతి పరికరంలో గేట్‌వేగా 192.168.20.1 పెడితే చాలు. పెట్టారా లేదా అన్నదే అసలు ప్రశ్న. తూకం కంప్యూటరులో పెడతారు, హాజరు మిషను దగ్గర మరిచిపోతారు. ఆ చిన్న తెర మీద నంబరు, మాస్కు నింపి, గేట్‌వే గడిని 0.0.0.0గానో 192.168.1.1గానో వదిలేస్తారు. పక్కనున్న కంప్యూటరు నుంచి అది బాగానే పనిచేస్తుంది, గేట్‌వే తప్పని తెలిసే అవకాశమే ఉండదు. ఆఫీసు నుంచి పిలిచినప్పుడే మూగబోతుంది. కెమెరాల రికార్డరుదీ ఇదే కథ. కొన్ని రికార్డర్లలో కెమెరాలకే విడిగా లోపలి వరుస ఉంటుంది. రికార్డరు వెనక పోర్టుల్లోకి నేరుగా గుచ్చిన కెమెరాలు ఆఫీసుకు విడివిడిగా అందవు, రికార్డరు ద్వారానే చూడాలి.

ఆఫీసు వైపే చిక్కు. అక్కడి కంప్యూటర్ల గేట్‌వే ఇంటర్నెట్ రూటరు, అంటే 192.168.10.1. దానికి 192.168.20 అనే వరుస ఉన్నట్టే తెలియదు, ఆ ప్యాకెట్లను ఇంటర్నెట్టు వైపు నెట్టేస్తుంది. అందుకే రూటరు సెట్టింగుల్లో 'స్టాటిక్ రూట్' పేజీ తెరిచి, గమ్యం 192.168.20.0, మాస్కు 255.255.255.0, గేట్‌వే 192.168.10.2 అని రాయాలి. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ డబ్బాల్లో కొన్నింట్లో ఆ పేజీ ఉండదు, లేదా తాళం వేసి ఉంటుంది. అప్పుడు ప్రతి ఆఫీసు కంప్యూటరులో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా కొట్టండి:

రూట్ -పి యాడ్ 192.168.20.0 మాస్క్ 255.255.255.0 192.168.10.2

'-పి' మరిచిపోతే ఆ దారి మిషను రీస్టార్ట్ అయ్యేదాకే ఉంటుంది. నాలుగైదు కంప్యూటర్లే ఉన్న మిల్లుకు రూటరు సెట్టింగు కన్నా ఇదే మేలని మా అభిప్రాయం. ఎందుకో కింద చెబుతాం.

గేట్‌వే పెట్టడానికి వీలే లేని పాత పరికరం ఒకటి కాంటా వైపు ఉంటే, డెస్క్‌టాప్ లినక్స్ అయినప్పుడు ఒక ఉపాయం ఉంది. కాంటా వైపు కార్డులోంచి బయటికి పోయే ప్యాకెట్లకు ఐపీటేబుల్స్‌లో మాస్కరేడ్ నియమం పెట్టండి. అవి డెస్క్‌టాప్ నంబరుతోనే, అంటే 192.168.20.1 నుంచి వచ్చినట్టే పోతాయి. పక్కవాడే పిలిచాడనుకుని ఆ పరికరం జవాబిస్తుంది. నష్టమేమంటే, ఎవరు అడిగినా దాని రికార్డులో డెస్క్‌టాప్ పేరే పడుతుంది. ఆ ఒక్క పరికరానికే ఈ నియమం పెట్టండి, మొత్తం వరుసకు వద్దు.

నాలుగు చోట్ల చూస్తే దొరుకుతుంది

ఊహలతో గంటలు పోగొట్టుకునే బదులు డెస్క్‌టాప్‌లో వైర్‌షార్క్ (వచ్చిపోయే ప్యాకెట్లను చూపించే సాఫ్ట్‌వేరు) ఎక్కించి, రెండు కార్డులనూ ఎంచుకుని, ఫిల్టరు గడిలో 'ఐసీఎంపీ ఆర్ ఏఆర్‌పీ' అని పెట్టండి, పింగ్‌లు, 'ఈ నంబరు ఎవరిది?' అనే ప్రశ్నలు మాత్రమే కనిపిస్తాయి. లినక్స్‌లో అదే పని చేసే టీసీపీడంప్ చాలు. లెక్కల కంప్యూటరు నుంచి హాజరు మిషనుకు 'పింగ్ -టి 192.168.20.60' నడుస్తుండాలి. ఒక్కో పింగ్‌కు డెస్క్‌టాప్ దగ్గర నాలుగు దృశ్యాలు కనిపించాలి: అడిగింది ఆఫీసు కార్డులోకి రావడం, అదే కాంటా కార్డులోంచి బయటికి పోవడం, జవాబు కాంటా కార్డులోకి రావడం, అదే ఆఫీసు కార్డులోంచి పోవడం.

మొదటిదే లేకపోతే లెక్కల కంప్యూటరు దగ్గర దారి రాయలేదు, లేదా రూటరు ఎటో పంపేసింది. మొదటిది ఉండి రెండోది లేకపోతే ఫార్వర్డింగ్ ఆగి ఉంది, లేదా యాంటీవైరస్‌తో వచ్చిన ఫైర్‌వాల్ అడ్డుకుంటోంది. రెండోదానికి బదులు కాంటా కార్డు మీద '192.168.20.60 ఎవరు?' అని ఏఆర్‌పీ ప్రశ్న మాత్రమే మళ్లీ మళ్లీ పోతుంటే, మిషను ఆగి ఉంది, కేబులు ఊడింది, లేదా నంబరు మారింది. మొదటి రెండూ ఉండి మూడోది లేకపోతే ఆ మిషనులో గేట్‌వే లేదు, లేదా దాని సొంత ఫైర్‌వాల్ పలకనివ్వడం లేదు. ఇది అన్నింటికన్నా ఎక్కువగా కనిపించే రకం. మూడోది వచ్చి నాలుగోది పోకపోతే, డెస్క్‌టాప్ ఫైర్‌వాల్‌లో ఒక దిక్కుకే అనుమతి ఇచ్చారు.

వైర్‌షార్క్ లేనప్పుడు పింగ్ ఇచ్చే మాటను శ్రద్ధగా చదవండి. 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అని వస్తే, ఆ మాట ఎవరి నంబరు నుంచి వచ్చిందో చూడాలి. మీ సొంత నంబరు నుంచి వస్తే మీ కంప్యూటరు తన గదిలోనే పక్క గేట్‌వేను అందుకోలేకపోయింది. 192.168.10.2 నుంచి వస్తే ప్యాకెట్టు డెస్క్‌టాప్ దాకా చేరింది, అవతలి మిషను దానికి దొరకలేదు. 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అంటే పోయింది, జవాబు రాలేదు. అప్పుడు తిరుగుదారి, ఫైర్‌వాల్ చూడండి.

పలికినప్పుడు జవాబులో కనిపించే టీటీఎల్ సంఖ్య (దారిలో ఒక్కో రూటరు దాటినప్పుడల్లా ఒకటి తగ్గేది) కూడా పనికొస్తుంది. విండోస్ జవాబు 128తో, లినక్స్ జవాబు 64తో బయల్దేరుతుంది. డెస్క్‌టాప్ దాటితే ఒకటి తగ్గి 127 లేదా 63 అవుతుంది. కాంటా గదిలోని విండోస్ మిషను నుంచి 128 వచ్చిందంటే ఆ ప్యాకెట్టు డెస్క్‌టాప్ మీదుగా రాలేదు. ఎవరో రెండు స్విచ్చులనూ ఒక కేబులుతో నేరుగా కలిపేశారేమో చూడండి. ఆఫీసు కంప్యూటరులోనే దారి రాసి ఉంటే, 'ట్రేసర్ట్ -డి' కొట్టినప్పుడు రెండు మజిలీలే కనిపించాలి.

పింగ్ పోతుంది, ఫోల్డరు తెరుచుకోదు

ఇందుకు రెండు కారణాలు, రెండూ మనుషుల్ని బాగా ఏడిపిస్తాయి.

మొదటిది విండోస్ ఫైర్‌వాల్. ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ నియమాల్లో ప్రైవేట్ ప్రొఫైల్‌కు 'లోకల్ సబ్‌నెట్' అనే హద్దు ఉంటుంది. తన వరుసలోనివాళ్లనే రానిస్తుంది. ఆఫీసు నంబరు తూకం కంప్యూటరుకు పరాయి వరుస కాబట్టి తలుపు తీయదు. పింగ్ నియమానికీ మొదట ఇదే హద్దు, పింగ్ పోతోందంటే దాన్ని ఎవరో ముందే తెరిచి ఉండవచ్చు. 'అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ' కిటికీలో 'ఇన్‌బౌండ్ రూల్స్' తెరిచి, ఎస్ఎంబీ-ఇన్ (ఫోల్డర్లకు), ఎకో రిక్వెస్ట్ (పింగ్‌కు) నియమాల్లో 'స్కోప్' ట్యాబు కింద 'రిమోట్ ఐపీ అడ్రస్' దగ్గర 192.168.10.0/24 కలపండి (/24 అంటే 255.255.255.0 మాస్కే). ఫైర్‌వాల్ మొత్తం ఆపేయడం పరీక్షకు రెండు నిమిషాలైతే సరే, అలాగే వదిలేయవద్దు. డెస్క్‌టాప్‌లో గేట్‌వే లేని కాంటా కార్డును విండోస్ 'అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్' అంటూ పబ్లిక్ కింద లెక్కిస్తుంది. డెస్క్‌టాప్‌లోని ఫోల్డరు కాంటా వైపు నుంచి తెరుచుకోకపోతే అదే కారణం కావచ్చు.

రెండోది వంకర దారి. మీరు రూటరులో స్టాటిక్ రూట్ రాశారనుకోండి. లెక్కల కంప్యూటరు నుంచి ప్యాకెట్టు ముందు రూటరుకు, అక్కణ్నుంచి డెస్క్‌టాప్‌కు పోతుంది. జవాబు మాత్రం డెస్క్‌టాప్ నుంచి నేరుగా లెక్కల కంప్యూటరుకు వస్తుంది, ఎందుకంటే ఇద్దరూ ఒకే వరుసలో ఉన్నారు. రూటరు సంభాషణలో ఒక వైపు మాటే వింటుంది. ప్రతి కనెక్షన్‌నూ గమనించే ఫైర్‌వాల్ ఉన్న రూటరు, ఇదేదో తేడాగా ఉందని మధ్యలో తెంచేస్తుంది. పింగ్‌లో అలా గమనించాల్సిన టీసీపీ కనెక్షన్ ఉండదు కాబట్టి దాటుతుంది, ఫోల్డరో బిల్లింగ్ సాఫ్ట్‌వేరో తెరవబోతే వేలాడుతుంది. పైన చెప్పినట్టు ఆఫీసు కంప్యూటర్లలోనే 'రూట్ -పి యాడ్' రాస్తే రానుపోను రెండూ డెస్క్‌టాప్ మీదుగానే సాగుతాయి. అందుకే మేం దానికే ఓటు వేస్తాం.

'నెట్‌వర్క్' గుర్తు మీద నొక్కితే తూకం కంప్యూటరు కనిపించలేదని దిగులుపడొద్దు. ఆ వెతుకులాట కేకలేసి పిలిచే పద్ధతి, కేక మధ్యలోని డెస్క్‌టాప్ దాటదు. రన్ గడిలో రెండు వెనక గీతలు (బ్యాక్‌స్లాష్) పెట్టి 192.168.20.15 అని కొట్టండి. కెమెరాలను వెతికిపెట్టే టూల్ కూడా అంతే, నంబరుతోనే కలపాలి. నంబర్లు వాటంతటవే పంచే డీహెచ్‌సీపీ కూడా అటు పోదు. కాంటా వైపు నంబర్లన్నీ చేత్తో ఇవ్వండి. ఏదైనా మిషను 169.254తో మొదలయ్యే నంబరు చూపిస్తే దానికి నంబరు ఇచ్చేవాళ్లు దొరకలేదని అర్థం. యూఎస్‌బీ ల్యాన్ కార్డును ఒక పోర్టులోంచి తీసి ఇంకోదాంట్లో గుచ్చినప్పుడు విండోస్ దాన్ని కొత్త కార్డనుకుని పాత నంబరు మరిచిపోవడం వల్ల కూడా ఇలా అవుతుంది. వీలైతే లోపల బిగించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డే కొనండి.

కేబులు, కరెంటు, ఊక దుమ్ము

రాగి నెట్‌వర్కు కేబులు 100 మీటర్లకు మించి లాగకూడదు. ఆఫీసు నుంచి గేటు దగ్గరి కాంటాకు దూరం అంతకన్నా ఎక్కువుంటే ఫైబర్ వేసి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను రాగి కేబులుకు కలిపే డబ్బాలు) పెట్టండి. దూరం తక్కువున్నా ఆరుబయట ఫైబరే మంచిది. యాసంగి వడ్లు మిల్లుకు వచ్చే ఏప్రిల్, మే నెలల్లోనే మన దగ్గర ఈదురుగాలులు, పిడుగులు. రాగి తీగ వెంట వచ్చిన దెబ్బకు రెండు చివర్లా పోర్టులు మాడిపోతాయి, గాజు తీగలో కరెంటు పారదు. త్రీ ఫేజ్ మోటార్ల తీగల పక్కనే నెట్‌వర్కు కేబులు కట్టవద్దు.

గిగాబిట్ కార్డు 100 ఎంబీపీఎస్ మాత్రమే చూపిస్తుంటే కేబులులోని నాలుగు జతల తీగల్లో ఏదో ఒకటి తెగి ఉండవచ్చు, లేదా పిన్నులో ఊక దుమ్ము చేరి ఉండవచ్చు. కనెక్టరు కోసి మళ్లీ కొట్టండి. అదే నిజమైన కారణమై ఉండి, రూటింగ్ పట్టికలు చూస్తూ రోజంతా గడిపే ప్రమాదం ఉంది.

డెస్క్‌టాప్ నిద్రపోతే దారి మూసుకుపోతుంది. స్లీప్‌ను 'నెవర్' చేయండి. డివైస్ మేనేజర్‌లో రెండు కార్డుల పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబులోనూ కరెంటు ఆదా కోసం కార్డును ఆపే టిక్కు తీసేయండి. బయోస్‌లో కరెంటు పోయి వచ్చినప్పుడు 'పవర్ ఆన్' అయ్యేలా పెట్టండి. పాత మిషన్లలో సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే ఈ సెట్టింగు చెరిగిపోతుంది, కరెంటు వచ్చినా మిషను లేవదు. బిళ్ల కూడా మార్చేయండి. యూపీఎస్ మీద డెస్క్‌టాప్‌తో పాటు స్విచ్చు, మీడియా కన్వర్టరు కూడా ఉండాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది కాబట్టి, రెండు నెట్‌వర్కుల మధ్య కాపలా ఉండే మిషనులో దాన్ని కొనసాగించడం కన్నా లినక్స్ ఎక్కించడం నయం.

అన్నీ సరిచేశాక, లారీలు లేని వేళ చూసుకుని మెయిన్ స్విచ్ ఆపండి. యూపీఎస్ కూడా ఆపి, ఐదు నిమిషాల తర్వాత మళ్లీ వేయండి. ఏ మిషను దగ్గరా ఏ బటనూ నొక్కకుండా లెక్కల కంప్యూటరు నుంచి 192.168.20.15, 192.168.20.60 రెండూ పలికితే, తూకం ఫోల్డరు తెరుచుకుంటే, అప్పుడు ఆ నంబర్ల కాగితాన్ని కాంటా గది గోడకు అంటించండి.